రెండో ప్లేటు అడిగిన అవ్వ

ప్రశ్న:

అమ్మా, వందనాలు. మాది కర్నూలు. నాకు 33 ఏళ్లు, మొబైల్ షాపులో పనిచేస్తాను. మా చర్చి సంఘం యవ్వనస్తులం ఆరుగురం కలిసి ఏడేళ్లుగా ప్రతి శనివారం మధ్యాహ్నం పెద్దాసుపత్రి దగ్గర రోగులతో వచ్చినవాళ్లకు అన్నం పెడుతున్నాం. మొదట్లో శనివారం ఎప్పుడొస్తుందా అని ఉండేది. ఇప్పుడు శుక్రవారం రాత్రి నుంచే విసుగు. రెండేళ్ల కిందట ఒకాయన భార్యకు ఆపరేషనని ఏడిస్తే తలా ఇంత వేసుకొని, చాలకపోతే నేను అప్పు తెచ్చి 18 వేలు ఇచ్చాం. తర్వాత చూస్తే ఆయన చెప్పిన వార్డులో ఆ పేరుతో మనిషే లేదు. ఫోన్ స్విచాఫ్. దుప్పట్ల కోసం వసూలైన డబ్బుకు లెక్క అడిగితే సంఘంలో ఒక పెద్దాయన 'నీలో ఆత్మీయత తగ్గింది, ప్రార్థన చేసుకో' అన్నాడు. ఇంకొకాయన బియ్యం ఇస్తాడు గాని తన ఫొటో ఉన్న బ్యానర్ కట్టందే గిన్నె మూత తీయనివ్వడు. ఇప్పుడు ఎవరు చేయి చాపినా 'వీళ్లదేం నాటకమో' అనిపిస్తోంది. ఆ 18 వేల కథ స్నేహితులకు నవ్వుతూ చెబుతుంటాను. పోయిన నెల ఒక అవ్వ రెండోసారి ప్లేటు పట్టుకొని వస్తే 'ఎన్నిసార్లమ్మా? తీసుకుపోయి అమ్ముకుంటావా?' అనేశాను. ఆమె ఏమీ అనలేదు. ప్లేటు వెనక్కి తీసుకొని వెళ్లిపోయింది. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు, ప్రార్థనలో నోరు పెగలడం లేదు. ఈ సేవ మానేయమంటారా? నాలో విశ్వాసం పోయిందా?

– ఒక సోదరుడు, కర్నూలు

జవాబు:

నాయనా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. 18 వేలు పోయిన సంగతి నాలుగు ముక్కల్లో తేల్చేశావు. అవ్వ ప్లేటు వెనక్కి తీసుకున్న సంగతి మాత్రం నా కళ్ల ముందు జరిగినట్టే రాశావు. నీ నిద్ర చెడగొడుతున్నది ఆ ప్లేటు. విశ్వాసం చచ్చిపోయిన మనిషికి అది గుర్తుండదు, గుర్తున్నా దాని కోసం కూర్చొని ఉత్తరం రాయడు. అందుకే నీ ఆఖరి ప్రశ్నకు ముందే చెబుతున్నాను: పోలేదు. దెబ్బ తగిలింది. కట్టు కట్టుకోకుండా ఆ చేత్తోనే రెండేళ్లుగా గిన్నెలు మోస్తున్నావు.

నేను ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా చేసినదాన్ని. 'అంతా ఇంతే' అనే మాట నోట్లోకి ఎట్లా వస్తుందో నాకు బాగా తెలుసు. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు నువ్వు ఇంటర్ వయసులో ఉండి ఉంటావు. నీళ్లు తీశాక పాతబస్తీ వీధులు ఎట్లా ఉన్నాయో నీకూ గుర్తుంటుంది. గోడల మీద మనిషి ఎత్తుకు పైన బురద గీత. పరుపులు, పిల్లల పుస్తకాలు, నాని మొలకెత్తిన బియ్యం బస్తాలు అన్నీ ఒకే ముద్దగా గుమ్మాల ముందు. మేం కొందరం ఒక వైద్య శిబిరం పెట్టి మందులతో పాటు దుప్పట్లు కూడా పంచాం. ఒక కుటుంబం వచ్చి, ఇంట్లో పసిబిడ్డ ఉంది, ఒక్క దుప్పటీ అందలేదని ఏడిస్తే మూడు ఇచ్చాను. వారం తర్వాత అవే దుప్పట్లు, మేం మూలన కుట్టిన ఎర్ర దారం గుర్తుతో సహా, ఒక తోపుడుబండి మీద అమ్మకానికి కనిపించాయి. విచారిస్తే ఆ ఇంట్లో పసిబిడ్డే లేదు. పాపం వాళ్లకేదో కష్టం ఉందని చివరికి తేలిందేమో అనుకోకు. ఏమీ తేలలేదు. వాళ్లు మోసం చేశారు, నేను మోసపోయాను. అంతే.

ఆ రోజు నుంచి శిబిరానికి వచ్చిన ప్రతివాళ్లనూ పోలీసులా ప్రశ్నించడం మొదలుపెట్టాను. ఎంతమంది, ఏ వీధి, నిన్న తీసుకోలేదా, చేయి చూపించు. మాతో ఒక పెద్దావిడ ఉండేది. ఇంటింటికీ వాక్యం చెప్పే బైబిలు స్త్రీగా పల్లెలు తిరిగి తిరిగి ముసలైన మనిషి. ఆమె నాకు వాక్యం చెప్పలేదు, మందలించలేదు. ఒక బకెట్టు వేడినీళ్లు, పాత చీర చింపిన గుడ్డలు నా చేతిలో పెట్టి, 'దుప్పట్ల దగ్గర ఇంకొకరు కూర్చుంటారులే అమ్మీ, నువ్వు కాళ్లు చూడు' అంది.

రోజుల తరబడి బురదనీళ్లలో నిలబడి జనానికి కాలివేళ్ల సందులు తెల్లగా పాసిపోయి, చీలి, చీము పట్టి ఉన్నాయి. ఒక్కొక్కరినీ బల్ల మీద కూర్చోబెట్టి, సందుల్లో ఇసుక తీసి, కడిగి, ఒత్తి తుడిచి, ఆరనిచ్చి ఊదారంగు మందు పూయాలి. ఒక్క కాలికి పది నిమిషాలు పడుతుంది. ఒకామెకు వేలు వాచి వెండి మెట్టె కండలోకి దిగిపోయింది. కత్తిరించొద్దని చేతులు పట్టుకుంది. సబ్బు రాసి, దారం చుట్టి, కొంచెం కొంచెంగా జరిపి తీసేసరికి పావుగంటకు పైగా పట్టింది. దాన్ని కొంగున ముడి వేసుకొని, 'ఇల్లంతా పోయి ఇదొక్కటి మిగిలింది సిస్టరమ్మా' అంది. ఆమె ఆ పూట రెండు దుప్పట్లు తీసుకుందో మూడు తీసుకుందో నాకు తెలియదు. అడగాలని కూడా తోచలేదు. అంతసేపు ఒక మనిషి పాదం ఒళ్లో పెట్టుకొన్నాక, ఆ మనిషిని 'వీళ్లంతా' అనే గుంపులో కలిపేయడం చేతకాదు. నా అనుమానం ఒక్క పూటలో పోలేదు గాని, పోవడం మొదలైంది అక్కడే.

ఆ తర్వాత, యేసు శిష్యుల కాళ్లు కడిగిన యోహాను సువార్త 13వ అధ్యాయం నేను చదివే తీరే మారింది. చిన్నప్పటి నుంచి అది వినయం గురించిన పాఠమనే విన్నాను. ఈసారి నా కన్ను ఆయన్ను పట్టించబోయే యూదా మీద పడింది. అతడూ ఆ వరుసలోనే కూర్చున్నాడు. అతడు లేచి చీకట్లోకి వెళ్లింది కాళ్లు కడిగించుకున్న తర్వాతే. యేసుకు ముందే తెలుసు, తెలిసే తువ్వాలు కట్టుకున్నాడు. ఇదే సువార్తలో 2వ అధ్యాయం చివర ఇంకొక మాట ఉంది. యెరూషలేములో చాలామంది ఆయన నామాన్ని నమ్మారు గాని, ఆయన మాత్రం తనను వాళ్ల వశం చేసుకోలేదు, ఎందుకంటే మనిషిలో ఏముందో ఆయనకు తెలుసు. ఈ రెండు చోట్లూ పక్కపక్కన పెట్టుకొని చదువు. మనుషులంతా మంచివాళ్లని నమ్మడమే విశ్వాసమని మనకు ఎక్కడో తలకెక్కింది. అందుకే ఒకడు మోసం చేయగానే దేవుడి మీద నమ్మకమే కదిలినట్టు భయపడతాం. ఆయనకు మనుషుల మీద భ్రమ లేదు. భ్రమ లేకుండానే కాళ్లు కడిగాడు. నువ్వు పోగొట్టుకున్నది ఆ భ్రమ. పోతే పోనీ.

లూకా 17లో పదిమంది కుష్ఠరోగులు బాగుపడితే ఒక్కడు వెనక్కి వచ్చాడు. తక్కిన తొమ్మిదిమంది ఎక్కడని ఆయన అడిగాడు. ఆయనకూ నొప్పి కలిగింది, దాచుకోలేదు. కాని మరుసటి అధ్యాయంలో యెరికో దారిలో గుడ్డివాడు కేక వేస్తే, నువ్వైనా కృతజ్ఞత చూపిస్తావా అని ముందుగా అడగలేదు. నీకేం చేయమంటావు అని అడిగాడు. ఆ తొమ్మిదిమంది లెక్కను ఈ గుడ్డివాడి ఖాతాలో రాయలేదు. నువ్వు చేసిన పొరపాటు ఇక్కడే ఉంది నాయనా. 18 వేలు ఎగ్గొట్టిన మనిషి మీద కోపాన్ని ఆ అవ్వ దగ్గర వసూలు చేశావు.

ఇంకొక సంగతి చెబుతాను, ఇది మన ఇళ్ల సంగతి. 1876–78 నాటి ధాత కరువు మన కర్నూలు, కడప, అటు బళ్లారి జిల్లాలను ఊడ్చిపెట్టింది. మన సీమలో ఎన్నో క్రైస్తవ కుటుంబాల కథ ఆ కరువు చుట్టుపక్కలే మొదలవుతుంది. మా జేజి చెప్పేది: వాళ్ల పెద్దలు మిషన్ వాకిట్లో గంజి కోసం ముంతలు పట్టుకొని నిలబడ్డారట. ఊళ్లో జనం 'కడుపు కోసం మతంలో కలిశారు' అని వేలు చూపించారట. అలా అన్నవాళ్లు బయటివాళ్లే కాదు. ఇట్లా వచ్చినవాళ్ల భక్తి నిలుస్తుందా అని మిషనరీల్లోనూ సందేహించినవాళ్లు ఉన్నారు. ఆ సందేహం పూర్తిగా తప్పని కూడా నేను అనను. కొందరు నిజంగా గంజి కోసమే వచ్చి ఉంటారు. ఆకలితో ఉన్న మనిషి గంజి కోసం రాక ఇంకెందుకు వస్తాడు? ఎవరో ఒకరు అడ్డమైన ప్రశ్నలు వేయకుండా ముంతలో గరిటె వంచారు కాబట్టి మా జేజి వాళ్ల జేజి బతికింది, కాబట్టి నేను నీకు ఈ జవాబు రాస్తున్నాను. నీ ముత్తాతలు ఏ వరుసలో నిలబడ్డారో ఇంట్లో పెద్దవాళ్లను ఒకసారి అడిగి చూడు. గరిటె పట్టుకున్న చేతికి తాను ఒకప్పుడు ముంత పట్టుకున్న చెయ్యినని మరపు రావడం చాలా సులభం.

ఇక నీ నవ్వు. 18 వేల కథ నవ్వుతూ చెబుతుంటానని రాశావు చూడు, ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టిన మాట అది. మొబైల్ షాపులో జీతానికి ఆ డబ్బెంతో నాకు తెలుసు. అప్పు తీర్చడానికి ఎన్ని నెలలు పట్టిందో నువ్వు రాయలేదు. ఆ డబ్బు పోయిన రోజున నువ్వు ఏడవలేదు, కోప్పడలేదు, దేవుణ్ని 'ఎందుకిట్లా' అని అడగలేదు. నవ్వేశావు. ఏడవాల్సినప్పుడు నవ్వేస్తే దుఃఖం ఎక్కడికీ పోదు, లోపలే ఎండి గట్టిపడుతుంది. ఆసుపత్రిలో ఇరవై ఏళ్లు దాటిన సిబ్బంది ముఖాల్లో ఆ గట్టితనం చాలా చూశాను, కొన్నాళ్లు అద్దంలోనూ చూసుకున్నాను.

నోరు పెగలడం లేదన్నావు. మంచి మాటలు పెగలడం లేదేమో. అయితే 73వ కీర్తన తెరువు. నా అడుగులు జారడానికి కొంచెమే తక్కువైంది, నా హృదయాన్ని శుద్ధి చేసుకోవడం వ్యర్థమే అని ఆ కీర్తన రాసిన ఆసాపు మొహమాటం లేకుండా అన్నాడు. అన్నవాణ్ని దేవుడు బైటికి తోయలేదు, ఆ మాటలను కీర్తనల్లోనే ఉంచాడు. ఈ వారం నీ ప్రార్థన ఫిర్యాదుగానే ఉండనీ. తలుపేసుకొని ఆ మోసగాడి సంగతి, లెక్క చెప్పని పెద్దాయన సంగతి, బ్యానరు సంగతి పేరుపేరునా చెప్పు. ఏడుపొస్తే ఏడువు. నిద్ర పట్టకపోవడం ఇంకో రెండు మూడు వారాలు ఇట్లాగే సాగితే డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లు. నర్సుగా చెబుతున్నాను, దాన్ని విశ్వాసలోపంగా లెక్క వేసుకోకు.

పని దగ్గర ఏం చేయాలంటావా? అన్నానికి విచారణ వద్దు, డబ్బుకు విచారణ లేకుండా ఉండొద్దు. రెండో ప్లేటు అడిగితే పెట్టేయండి, గిన్నెలో ఉన్నంతవరకు. పెద్దాసుపత్రికి ఎక్కడెక్కడి నుంచి వస్తారో నీకు నాకంటే బాగా తెలుసు. ఆదోని, ఆలూరు, పత్తికొండ నుంచి, అటు గద్వాల నుంచి, కర్ణాటక వైపు నుంచి. ఒకరు వరుసలో నిలబడాలంటే ఇంకొకరు రోగి దగ్గర ఉండాలి. రెండో ప్లేటు ఎక్కువసార్లు మంచం దగ్గర ఉన్న మనిషిదే. ఎవరో ఒకరు నిజంగా అమ్ముకున్నా మీకు పోయేది గరిటెడు చిత్రాన్నం. నగదు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి. వార్డుకు వెళ్లి మంచం దగ్గర రోగిని చూడండి, కేస్ షీట్ చూడండి, మందులైతే మందుల షాపులో మీరే కట్టండి, టెస్టయితే ల్యాబులో కట్టండి. వెళ్లేది ఇద్దరుగా వెళ్లండి. ఒక నోట్‌బుక్‌లో తేదీ, మొత్తం, ఇద్దరి సంతకాలు. ఇది అనుమానం అనుకోవద్దు. నిజంగా అవసరమున్న తర్వాతి మనిషి కోసం డబ్బు మిగలడానికి చేసే కాపలా.

సంఘంలో లెక్క అడగడం ఆత్మీయత తగ్గడమని అన్న పెద్దాయనకు 2 కొరింథీ 8వ అధ్యాయం చూపించు. యెరూషలేము పేదల కోసం పోగైన కానుకను పౌలు ఒక్కడే మోసుకుపోలేదు. ఇంకెవరూ తప్పు పట్టకుండా తీతుతో పాటు సంఘాలు నమ్మిన సహోదరులను జత చేశాడు. ప్రభువు ఎదుటే గాక మనుషుల ఎదుట కూడా సరిగా ఉండాలని దాని గురించే రాశాడు. పౌలుకు పట్టిన జాగ్రత్త మనకు పట్టకపోవడం ఏ ఆత్మీయతా కాదు. కాని ఒంటరిగా, కోపంతో, ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నిలేసి అడగకు. మీ ఆరుగురూ కలిసి పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్లండి, వచ్చే నెల నుంచి సేవ డబ్బు లెక్క నోటీసు బోర్డు మీద పెడదామని చెప్పండి, ముందుగా మీ అన్నం లెక్కే రాసి అంటించండి. అప్పటికీ ఆయన చెప్పకపోతే దుప్పట్ల వసూళ్లలో మీరు పాల్గొనకండి. అంతకంటే ఎక్కువ కాలం ఆ గొడవను మనసులో మోయకు.

బ్యానర్ గురించి పెద్దగా చెప్పను. ఆయన ఫొటో ఆయన పెట్టుకోనీ, బియ్యం ఉడుకుతుంది. వరుసలో నిలబడినవాళ్ల ముఖాలు, మంచం మీద రోగుల ముఖాలు మాత్రం ఫొటో తీయనివ్వకండి. దాని దగ్గర గట్టిగా నిలబడండి, బియ్యం ఆగిపోయినా సరే.

స్పెయిన్ నుంచి వచ్చి అనంతపురంలో పనిచేసిన విన్సెంట్ ఫెర్రర్ గురించి వినే ఉంటావు. నేను ఆ వైపు పనిచేసిన రోజుల్లో ఆయన పేరు వినని పల్లె లేదు. మహారాష్ట్రలో మన్మాడ్ దగ్గర పేద రైతుల చేత బావులు తవ్వించి, పొలాలు పచ్చబడేలా చేస్తే, గిట్టనివాళ్ల ఒత్తిడితో 1968లో ఆయన్ను దేశం వదిలి పొమ్మన్నారు. మరుసటి ఏడాది తిరిగి వచ్చి, దేశంలోనే వానలు బాగా తక్కువ పడే జిల్లాల్లో ఒకటైన అనంతపురాన్ని ఎంచుకున్నారు. అప్పటికి ఆయనకు 49 ఏళ్లు. 'మేలు చేస్తే ఇదేనా' అని ఊరుకోవడానికి అంతకంటే మంచి కారణం ఎవరికి దొరుకుతుంది? ఆయన మళ్లీ నీళ్లు, ఇళ్లు, బడులు అని మొదలుపెట్టారు. కర్నూలు మునిగిన ఏడాదే, 2009 జూన్ 19న అనంతపురంలోనే కన్నుమూశారు. బత్తలపల్లిలో ఆయన సమాధి ఉంది, అదే ఊళ్లో ఆయన ట్రస్టు ఆసుపత్రీ ఉంది. వీలైతే ఒకసారి వెళ్లి రా. సమాధి కంటే ఆసుపత్రి ఓపీ వరండాలో ఒక గంట కూర్చో.

సేవ మానేయాలా అన్నావు. మానొద్దు. ఒక నెల ఆగు. ఏడేళ్ల శనివారాలంటే 350కి పైనే. అందులో నువ్వు ఎన్ని వదిలావో చెప్పలేదు, వదిలి ఉండవు. ప్రవక్త ఏలీయా బదరీ చెట్టు కింద పడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నప్పుడు దేవుడు ముందుగా గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి, ఇంకా తిను, నీ ప్రయాణం నీ శక్తికి మించింది అన్నాడు. తర్వాత ఎప్పటికో హోరేబు కొండ మీద మాట్లాడాడు. అక్కడ ఏలీయా 'నేనొక్కణ్నే మిగిలాను' అని రెండుసార్లు అన్నాడు. బయలు అనే దేవతకు మోకాలు వంచనివాళ్లు ఏడువేలమంది ఉన్నారని దేవుడు చెప్పాడు. అలసిపోయిన మనిషి కళ్లకు ఆ ఏడువేలమంది ఆనరు. మీ ఆసుపత్రి వాకిట్లోనే చూడు. పక్క మంచం బాలింత కోసం అడగకుండానే వేడినీళ్లు తెచ్చే ఆయమ్మ ఉంటుంది. రోగి ముఖం చూసి కిరాయి తగ్గించే ఆటో అతను ఉంటాడు. రంజాన్ నెలలో పొద్దు గుంకే వేళ పండ్లు, గంజి పంచే కుర్రవాళ్లు ఉంటారు. వాళ్లలో ఎంతమంది పేర్లు నీకు తెలుసు?

'మనము మేలుచేయుటయందు విసుకక యుందము' అని పౌలు గలతీయులకు రాసిన మాట నీకు కంఠతా వచ్చే ఉంటుంది. విసుగు రాదని ఆయన అనలేదు. వస్తుంది కాబట్టే రాశాడు.

ఆ నెలలో ఒక్క శనివారం మాత్రం నేను చెప్పినట్టు చెయ్యి. గరిటె ముట్టుకోకు. మీవాళ్లను వడ్డించమని చెప్పి, నువ్వు వెళ్లి వరుసలో నిలబడు. ప్లేటు పట్టుకొని, నీ వంతు వచ్చినప్పుడు పెట్టించుకొని, అందరితో పాటు అక్కడే కింద కూర్చొని తిను. ఆకలి తీరకపోతే రెండోసారి వెళ్లి అడుగు. ఎట్లా ఉంటుందో చూడు. ఆ అవ్వ మళ్లీ కనిపిస్తుందని నేను మాట ఇవ్వలేను. ఆమె మనిషి బాగై ఊరికి వెళ్లిపోయి ఉండొచ్చు, బాగుకాకనే వెళ్లి ఉండొచ్చు. కనిపిస్తే 'ఆ రోజు తప్పు మాట్లాడాను అవ్వా' అని చెప్పు, సంజాయిషీ వద్దు. కనిపించకపోతే దేవుడి దగ్గర చెప్పుకో.

వరుసలో నిలబడిన రోజు నీ ముందు ఎవరున్నారో, పక్కన కూర్చొని తిన్నది ఏ ఊరి మనిషో, వాళ్ల రోగి ఏ వార్డులో ఉన్నారో నాకు రాయి.